జోడు పడవ బరువు

నంద్యాల,
జూలై 4.

ముబ్బూ,

ఫోను చేస్తే ఎత్తవు. వాట్సాప్‌లో బ్లాక్ చేసి కూర్చున్నావు. నేను సంఘం పదవి తీసుకున్నప్పటి నుంచి నీతో ఒక మాట చెప్పాలంటే మా అమ్మను మధ్యలో పెట్టుకోవాల్సి వస్తోంది. ఆమె "మీ ఇద్దరి పంచాయితీ నాకొద్దు తల్లీ" అని చేతులెత్తేసింది. అందుకే పాత పద్ధతిలో కాగితం పట్టాను. ఆళ్లగడ్డ బస్సు కండక్టరు మీ టార్పాలిన్ అంగడి ముందు దిగి ఇస్తానన్నాడు. చింపే ముందు ఒకసారి చదువు.

మంచి కబురే. ఈ ఏడు జోడు పడవల జాతీయ పోటీ మన అవుకు రిజర్వాయరు మీద జరగబోతోంది. నవంబరులో. తెరచాప పడవల జాతీయ సంఘంలో జోడు పడవల విభాగానికి కన్వీనరుగా నేను చేసిన మొదటి పెద్ద పని ఇదే. సముద్రం పక్కన ఉన్న ఊళ్ళవాళ్ళు ఊరికే ఒప్పుకుంటారా? రాయలసీమలో నీళ్ళెక్కడివి మేడం అని ఒకాయన నవ్వాడు. నవంబరుకు కాలవ నీళ్ళు చేరి రిజర్వాయరు నిండుగా ఉంటుందని, గాలికి కొదవ లేదని పాత ఫోటోలన్నీ చూపించి ఒప్పించాను. పడవలు ఏ లారీల్లో రావాలి, పందెం దారి చూపే గుర్తు బుడగలు నీళ్ళలో ఎక్కడ వేయాలి, బనగానపల్లెలో ఎవరిని ఏ లాడ్జిలో దించాలి, అన్నీ ఇప్పుడు నా నెత్తి మీదే. పందెంలో తగాదా వస్తే తీర్పు చెప్పే కమిటీకి కూడా నన్నే పెద్దగా పెట్టారు.

ఇది మన ఇద్దరి కోరిక కదా. కాలేజీ ఎన్‌సీసీలో మొదలుపెట్టి పద్నాలుగేళ్ళు ఒకే పడవలో ఉన్నాం. రెండు సన్నటి పొట్టలు, వాటి మధ్య మీ నాన్న మొయినుద్దీన్ మామ కుట్టిన పట్ట, చుక్కాని పట్టుకుని నువ్వు, నడుముకు పట్టీ బిగించి తెరచాప కొయ్య తీగకు వేలాడుతూ నీళ్ళ మీదికి వాలి నేను. దేశంలో వాళ్ళంతా వచ్చి చూస్తుండగా మన ఇంటి నీళ్ళ మీద ఒక్కసారి పందెం ఆడాలని ఎన్నిసార్లు అనుకున్నామో. కుర్చీ ఎక్కినవాళ్ళు పడవ ఎక్కకూడదని సంఘం రూలు. నాకు ఆ భాగ్యం లేదు. నీకైనా ఉంది.

పోయిన ఆదివారం అవుకు గట్టు మీదికి వచ్చాను, నీకు చెప్పలేదు. ఆ కొత్త పిల్ల జ్యోత్స్న తీగ మీద బాగానే నిలబడుతోంది. నడుముకు నా పట్టీ కట్టుకుని ఉంది. మీ అంగడిలో బట్టకు కరువొచ్చిందా అని అడుగుదామనుకున్నాను. అడగకుండానే బస్సెక్కేశాను.

నీ
ఇంద్ర


ఆళ్లగడ్డ,
జూలై 15.

గౌరవనీయులైన కన్వీనరు ఇంద్రజ గారి సముఖమునకు,

తమరి ఉత్తరం అందింది. చింపుదామనే అనుకున్నా గానీ నాకంటే ముందు మా అబ్బా చదివేసినాడు. "ఇంద్రమ్మ ఎంత బాగా రాసిందో సూడు" అని నాకే చదివి వినిపించినాడు. ఇంక చింపేదానికి వీలు లేకపోయింది.

పేపర్లో తమరి ఫోటో కూడా చూసినాం. జిల్లాలో పడవ పందేలకు ప్రాణం పోసిన మహిళ అని రాసినారు. ఆ ప్రాణం పోసేటప్పుడు నేను యాడున్నానో గుర్తు రావడం లేదు. చిరిగిన తెరచాపకు అతుకు వేస్తా ఉన్నానేమో. ఫోటోలో కుర్చీ నిండా ఉండావు మే. కుర్చీ నీకు బాగా ఒంటబట్టింది, బుగ్గలు కూడా వచ్చినాయి.

సంఘం వాళ్ళు మన క్లబ్బు నుంచి ఒక్క పేరు అడిగినారు. ఇద్దరం నా పేరంటే నా పేరన్నాం. నీకు ఇంగ్లీషు వస్తుందని నీ పేరు పంపినారు. గాలి కూడా ఇంగ్లీషులోనే వీస్తుందని ఆ దినమే నాకు తెలిసింది. నేను క్లబ్బు కార్యదర్శిగా మిగిలినా. అంటే తాళంచెవులు నా దగ్గర ఉంటాయి, అంతే. నీ పేరు ఎక్కడ కనపడినా నాకు కడుపులో మిరపకాయ నలిపినట్టుంటుంది. దాచుకోవడం నాకు చేతకాదు.

ఇంక జ్యోత్స్న సంగతి. శిరివెళ్ల ఇస్కూల్లో డ్రిల్లు టీచరు. నువ్వు దిగిపోయిన చోట ఎవరో ఒకరు ఎక్కాల కదా, జోడు పడవ ఒక్కరితో నడవదు. ఏరు దాటి తెప్ప తగలేసింది నువ్వు. కాలకుండా మిగిలిన తెప్ప మీద ఎవరిని ఎక్కించుకుంటే నీకెందుకు? పట్టీ మా అబ్బా కుట్టింది, మా అంగడి బట్ట. నీ నడుము కొలతకే కుట్టినాడు, కాదనను. ఆ ఫోటో చూసినాక ఇప్పుడది నీకు పట్టదులే అనుకున్నా.

ఒక్కటి మాత్రం నిజం. ఈ పోటీ నాకు కావాల. ముప్పై ఆరు నిండినాయి, ఈ మోకాళ్ళు ఇంకెన్ని దినాలు మాట వింటాయో తెలీదు. మన నీళ్ళ మీద ఒక్కసారి ఆడితే నాకు చాలు, గెలవకపోయినా ఫరవాలేదు. దాన్ని అవుకుకు తెచ్చినావు. అందుకు థాంక్స్. ఈ మాట రాసేదానికి రెండు దినాలు పట్టింది నాకు.

ఇట్లు
తాళంచెవుల
ముబశ్శిరా


నంద్యాల,
ఆగస్టు 3.

ముబ్బూ,

పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అనలేదు. ఈ కుర్చీలో ఏముందనుకున్నావు? పొద్దున లేస్తే ఫోన్లు. ఒక ఊరి క్లబ్బువాళ్ళు మా పడవలు మీరే మోయించాలంటారు. ఇంకొకరు మా పిల్లలకు రాగి సంగటి పెడితే తినరు, ఇడ్లీ ఖాయం చేయండంటారు. చిన్న చిన్న క్లబ్బుల పిల్లలను పెద్ద క్లబ్బులవాళ్ళతో కలిపి ఒకే గీత మీద నుంచి వదలాలా, వేరుగా వదలాలా అని నెల రోజులు కొట్లాడుకున్నారు. నేను ఫ్యాను కింద కూర్చుని కారప్పూస తింటూ అందరికీ సర్ది చెబుతుంటాను. బుగ్గలు రాక ఏమొస్తాయి? కాలేజీలో పాఠం చెప్పి రావడం, ఈ ఫోన్లు ఎత్తడం, ఇదే నా బతుకు. నువ్వు నీళ్ళ మీద ఉన్నావు. ఆషాఢం గాలికి పడవ ఒక పొట్ట పైకి లేపుకుని పోతుంటే నా ఒళ్ళు ఎలా ఉండేదో నీకు తెలుసు.

కుర్చీ నీకిచ్చి ఆ గాలి నేను తీసుకుందామా అని ఒక్కోసారి అనిపిస్తుంది. మళ్ళీ పేపర్లో ఫోటో గుర్తొచ్చి, వద్దులే అనిపిస్తుంది. నేనూ దాచుకోవడం లేదు.

ఇంకో మాట. ఆ పిల్ల బరువెంత? ఊరికే అడుగుతున్నా. జోడు పడవలో ఇద్దరి బరువు కలిపి నూట ముప్పై కిలోలకు తగ్గితే, ఆ తగ్గిందంతా పడవలో బరువుగా మోయాలి కదా. మన ఇద్దరం ఎప్పుడూ తక్కువే. కుందూ ఏటి ఇసుక పోసి నువ్వు సంచులు కుట్టేదానివి, ఒక సంచి మీద నా పేరు కూడా రాసుకున్నాను. ఆ పిల్ల నాకంటే సన్నంగా కనపడింది. నీకు నాకంటే బాగా కుదిరిందా? అది కూడా ఊరికే అడిగిందే.

నీ
ఇంద్ర


ఆళ్లగడ్డ,
ఆగస్టు 14.

మే ఇంద్రజా,

ఊరికే అడిగినావు కాబట్టి ఊరికే చెప్తాండా. జ్యోత్స్న పిట్ట. ఇద్దరం కలిసి పదకొండు కిలోలు తక్కువ పడుతున్నాం. మన పాత సంచులే వాడుతున్నాం, నీ పేరు రాసింది కూడా. అవి చాలక కొత్తది ఇంకొకటి కుట్టినా. వాటిని పట్టకు బిగించి కట్టేది కూడా ఆ పిల్లే.

కుదిరిందా అంటే కుదిరింది. నువ్వు తీగ మీద నిలబడి చుక్కాని ఎట్ల పట్టాలో నాకు చెప్పేదానివి. గుర్తు బుడగ వచ్చే లోపల మన ఇద్దరికీ రెండు కొట్లాటలు అయ్యేవి. ఈ పిల్ల నోరెత్తదు. "అక్కా, నువ్వెట్ల చెప్తే అట్ల" అంటుంది. జోడు పడవ ఇంత నిశ్శబ్దంగా పోతుందని నాకు ఇన్నాళ్ళకు తెలిసింది. నీళ్ళు పొట్టలకు తగిలే చప్పుడు కూడా వినిపిస్తోంది.

మా ఇద్దరి పేర్లూ పోటీకి పంపినాం. మా అబ్బా కొత్త తెరచాపకు ఎర్ర గుడ్డ తెప్పించినాడు. గట్టు మీద నుంచి చూస్తే మాదే ముందు కనపడాలంట.

ముబశ్శిరా


నంద్యాల,
సెప్టెంబరు 10.

కార్యదర్శి గారికి,
అవుకు పడవల క్లబ్బు.

అయ్యా/అమ్మా,

జోడు పడవల విభాగం తీర్మానం తెలియజేయడమైనది. పోటీదారుల భద్రత దృష్ట్యా ఈ సీజను నుంచి పడవలో మోసే అదనపు బరువు అయిదు కిలోలకు మించరాదు. కనీస బరువుకు అయిదు కిలోల కంటే ఎక్కువ తగ్గే జట్లకు ప్రవేశం లేదు. అలాంటి జట్లలోని వారు గడువు లోపల తగిన జతను చూసుకుని పేర్లు మార్చుకోవచ్చును.

ఇట్లు,
ఇంద్రజ, కన్వీనరు.

ముబ్బూ, ఇది చేత్తో రాస్తున్నా. పోయిన నెల ఒకచోట పడవ బోల్తా పడి, బరువు సంచి జారి, ఒక పిల్ల కాలు విరిగింది. కమిటీ నిర్ణయం ఇది. నా చేతిలో ఏమీ లేదు. వచ్చే ఏడు చూద్దాం.


ఆళ్లగడ్డ,
సెప్టెంబరు 13.

కన్వీనరుకు,

నీ చేతిలో ఏమీ లేదా?

ఆ మీటింగు ఫోన్లో జరిగింది. క్లబ్బుల కార్యదర్శులు కూడా వినొచ్చని మీ సంఘమే లింకు పంపింది. అన్ని పేర్లలో మా క్లబ్బు పేరు నీకు కనపడలేదేమో. నేను అంగడిలో మిషను ఆపుకుని మొదటి నుంచీ విన్నా. మాట్లాడకపోయినా ఇంగ్లీషు నాకు అర్థమవుతుంది, ఆ సంగతి నువ్వు కూడా మరచిపోయినట్టున్నావు.

ఎంత బరువు దాకా ఉండనిద్దామని అధ్యక్షుడు అడిగినాడు. ఒకాయన పన్నెండు అన్నాడు. ఇంకొకాయన సరే అన్నాడు. అంతటితో అయిపోయి ఉండేది. అప్పుడు నువ్వు మైకు తెరిచి అయిదు చాలన్నావు. అందరూ కన్వీనరు చెప్పింది కదా అని తలూపినారు. నెల ముందు నువ్వు అడిగితే పదకొండని రాసి పంపింది నేనే. ఊరికే అడిగినానన్నావు. కంచే చేను మేస్తే ఇంక ఎవరికి చెప్పుకోవాల?

అది కూడా మింగుతా. ఆ తర్వాత అధ్యక్షుడు ఇంకో మాట అడిగినాడు. ఈ పోటీకి పేరిచ్చిన వాళ్ళలో మీకు కావలసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా, ఉంటే తీర్పులో కూర్చోకూడదు అని ఒక్కొక్కరినీ అడిగినాడు. ఒకాయన మా తమ్ముడి కూతురు ఉందని తప్పుకున్నాడు. నీ వంతు వచ్చింది. నాకెవరూ లేరన్నావు. దగ్గలేదు, తడబడలేదు, టక్కున అన్నావు.

మా అబ్బా పక్కనే ఉన్నాడు. ఏమన్నదమ్మా అని అడిగితే చెప్పినా. ఎర్ర గుడ్డ మడత పెట్టి పక్కన పెట్టినాడు. "పరాకులో అనింటాదిలే. ఆ పిల్ల అట్లాది గాదు" అన్నాడు. నీ తరఫున మాట్లాడే మనిషి ఈ ఇంట్లో ఆయన ఒక్కడే మిగిలినాడు.

ముబశ్శిరా


నంద్యాల,
సెప్టెంబరు 22.

ముబ్బూ,

అవును, అయిదన్నది నేనే.

ఆ పిల్ల కాలు విరిగింది నిజం. అయిదు అనడానికి ఆ కారణం చాలని నాకు నేను చెప్పుకున్నాను. కానీ ఆ మీటింగుకు కూర్చునే ముందు నీ ఉత్తరమే చదువుతూ ఉన్నాను. నా పేరు రాసుకున్న సంచి పట్టకు కట్టి, నా నడుము కొలతకు కుట్టిన పట్టీ బిగించి, నా తీగకు వేలాడుతూ, నోరెత్తని పిల్ల. నిశ్శబ్దంగా పోతుందని రాశావు. పద్నాలుగేళ్ళు నేను చేసింది చప్పుడేనా? కుళ్ళు పుట్టింది. పేరు పెట్టి చెబుతున్నాను, కుళ్ళే. నేను దిగిన నెల తిరక్కుండానే ఆ పిల్లను ఎక్కించావు. ఒక్క నెల ఆ చోటు ఖాళీగా ఉంచలేకపోయావా?

ఎవరూ లేరని ఎందుకన్నానో అదీ విను. ఉన్నారంటే తీర్పు కుర్చీ పోతుంది. అదొక్కటే అయితే నన్ను తిట్టు. నా గొంతు వినడం ఇష్టం లేక ఫోను కట్టేసిన మనిషిని నాకు కావలసిన మనిషని ఏ ముఖం పెట్టుకుని చెప్పను? ఆమె కాదు పొమ్మంటే నా పరువేం కాను?

రూలు మార్చమని నిన్న అడిగాను. ఒకసారి తీర్మానం చేసిన విషయాన్ని ఆ సీజనులో మళ్ళీ తెరవకూడదన్నారు. అది కూడా నేను పెట్టించిన రూలే, పోయిన మార్చిలో. నువ్వు ఈ పోటీ ఆడకపోతే దానికి కారణం నేనే. ఇంతకంటే ఏం రాయాలో తెలియడం లేదు.

ఇంద్ర


ఆళ్లగడ్డ,
అక్టోబరు 9.

ఇంద్రా,

మొన్న జ్యోత్స్న అంగడికి వచ్చింది. నందికొట్కూరు లూదియాతో కలిసి ఆడతానని చెప్పింది. లూదియా కబడ్డీ ఆడిన మనిషి, ఇద్దరికీ బరువు సరిపోతుంది. "నీ మీద కోపం లేదక్కా. ఈ పోటీ మళ్ళా మన దిక్కు వస్తాదో రాదో" అంది. తప్పేముంది, దాని చోట నేనున్నా అదే చేస్తా. పట్టీ విప్పి బల్ల మీద పెట్టి పోయింది.

ఆదివారం వాళ్ళిద్దరూ నీళ్ళలోకి దిగుతుంటే గట్టు మీద నిలబడి చూసినా. లూదియాకు చుక్కాని పట్టడం రాదు. రాకపోయినా పడవ పోతోంది. ఆ పిల్ల తీగ మీద నిలబడి లూదియాకు ఏదో చెప్తోంది, ఇద్దరూ నవ్వుతున్నారు. నా దగ్గర నోరెత్తని పిల్ల. నువ్వు జూలైలో అదే గట్టు మీద నిలబడి బస్సెక్కి పోయినావు కదా, నీకెట్ల ఉండిందో ఇప్పుడు తెలిసింది. తెలుసుకోవాలని నేనేం కోరుకోలేదు.

పోటీలో నా పేరు ఇంకా కొట్టెయ్యలేదు, జత లేని పేరు. నాతో పడవ ఎక్కడానికి మనిషి దొరకదని తెలుసు. ఊళ్ళో తీగకు వేలాడే ఆడవాళ్ళు ఎందరున్నారు? అబ్బా మాత్రం ఎర్ర తెరచాప కుట్టడం ఆపలేదు. ఎవరికని అడిగితే మిషనుకు దారం ఎక్కిస్తాడు.

నేను ఇంకో పని చేసినా. మీ సంఘానికి అభ్యంతరం రాసి పంపినా. ఏ క్లబ్బైనా పంపొచ్చని రూలుంది, అది నువ్వు పెట్టింది కాదు. తీర్పు కమిటీ పెద్దకు ఈ పోటీలో కావలసిన మనిషి ఉందని, పద్నాలుగేళ్ళు ఇద్దరూ ఒకే పడవలో తిరిగినారని, ఆమె తీర్పు చెప్తే ప్రేమో పగో ఏదో ఒకటి అడ్డమొస్తుందని రాసినా. ఆ మనిషి పేరు ముబశ్శిరా అని రాసి సంతకం చేసినా. నువ్వు లేరన్నావు. నేను ఉన్నానంటున్నా.

నిన్ను అడుగుతారు. ఈసారి కూడా లేరంటే నీ కుర్చీ నీకుంటుంది, నా కాగితం చెత్తబుట్టలో పడుతుంది. నీ ఇష్టం.

ముబ్బు


నంద్యాల,
అక్టోబరు 18.

ముబ్బూ,

అధ్యక్షుడు ఫోను చేశాడు. అవుకు కార్యదర్శి ఇలా రాసింది, ఆమె మీకేమవుతుంది అని అడిగాడు. చుట్టమా అంటే కాదు. ఒక ఊరా అంటే కాదు. చివరికి, "నాకు కావలసిన మనిషే సార్" అన్నాను. మరి ఆ రోజు ఎవరూ లేరన్నారే అన్నాడు. ఆ రోజు ఆమె మీద కోపంగా ఉంది సార్ అన్నాను. అలాంటి జవాబు ఆయన ఎప్పుడూ విన్నట్టు లేదు. తీర్పు కుర్చీలో నుంచి దిగిపొమ్మన్నాడు.

కన్వీనరు పదవి మాత్రం ఉంచుకోవచ్చన్నాడు. రెండు రోజులు దాన్ని పట్టుకుని కూర్చున్నాను. పోటీ రోజున అవుకు గట్టు మీద, మెడలో గుర్తింపు కార్డు వేసుకుని, ఆ ఇద్దరు పిల్లలు పోతుంటే చూడాలి. పక్కన నువ్వు నిలబడి ఉంటావు, నాతో మాట్లాడకుండా. మూడో రోజు ఆ పదవికి కూడా రాజీనామా పంపాను. సాయంత్రానికల్లా ఒప్పేసుకున్నారు. రాయలసీమలో నీళ్ళెక్కడివని నవ్వాడే, ఆయన్నే నా చోట పెట్టారు. నెలల తరబడి నేను లారీలు మాట్లాడి, లాడ్జిలు మాట్లాడి, ఇడ్లీలు ఖాయం చేస్తే ఇప్పుడు పేపర్లో ఫోటో ఆయనది. చూసినప్పుడల్లా కడుపులో నువ్వు చెప్పిన ఆ మిరపకాయే.

ఇంక అసలు మాట. కుర్చీ దిగాను కాబట్టి పడవ ఎక్కొచ్చు. సంఘాన్ని అడిగి ఖాయం చేసుకున్నాను. తను పెట్టిన రూలు తనకే చుట్టమైందని వెనక అంటారు. అననీ. నిన్న మా వీధి చివర రైసు మిల్లులో బస్తాలు తూచే కాటా ఎక్కాను. ఎంత వచ్చిందో రాయను. పేపర్లో ఫోటో చూసి నువ్వన్న మాట నిజమే, కారప్పూస ఊరికే పోలేదు. నువ్వు ఎంత తిన్నా పెరిగే రకం కాదని నాకు తెలుసు. నీదీ నాదీ కలిపితే నూట ముప్పై దాటింది. ఇన్నేళ్ళలో మనకు బరువు సరిపోవడం ఇదే మొదటిసారి.

ముందే చెబుతున్నా, నేను తీగ మీద నోరు మూసుకుని ఉండను. చుక్కాని తప్పు పడితే తప్పనే అరుస్తాను. నిశ్శబ్దం కావాలంటే వేరే మనిషిని చూసుకో. ఆ జ్యోత్స్నను చూస్తే నాకు ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది. మనం వాళ్ళ కంటే ఒక్క పడవ ముందుంటే చాలు, మిగతా దేశమంతా మనల్ని దాటిపోయినా నాకు బాధ లేదు.

గడువు లోపల నీ పేరు పక్కన నా పేరు రాయి. ఫోను ఎత్తకపోయినా ఫరవాలేదు, ఆదివారం పొద్దున అవుకు గట్టుకు వస్తాను. ఇసుక సంచులు విప్పి కుందూలో పోసెయ్, నా పేరు రాసింది కూడా. మామకు చెప్పి ఆ పట్టీ మాత్రం నాలుగు వేళ్ళు వదులు చేయించు.

నీ
ఇంద్ర